ఉప్పెన ఎవరి కర్మ?

ఆశ్వయుజం దాటుతోందంటే కోస్తా పల్లెల్లో మాటల తీరే మారిపోతుంది. కోతకొచ్చిన చేను, ఇసుకలో ఎండబెట్టిన చేప, గట్టుకు లాగిన పడవ, అన్నిటి సంగతీ బంగాళాఖాతంలో పుట్టే ఒక్క అల్పపీడనం చేతిలోకి వెళుతుంది. అండమాన్ దగ్గర వాయుగుండం కట్టిందని తెలిస్తే చాలు, ఆ కబురు నాగాయలంక నుంచి భావనపాడు దాకా ఫోన్లలో పాకుతుంది. రేవులో ఒకటో నంబరు ఎగరేశారా, మూడోదా? తహసీల్దారు ఆఫీసు నుంచి మైకు కట్టిన ఆటో వచ్చిందా? వేటకెళ్లిన బోట్లన్నీ తిరిగొచ్చాయా? కోసిన వరి కుప్ప వేసెయ్యాలా, పనల మీదే ఇంకో రోజు ఉంచాలా? ఈ హడావుడి మధ్య అరుగు మీద కూర్చున్న ఏ ముసలమ్మ నోటి వెంటో ఇంకో మాట వస్తుంది: "ఏ జన్మలో ఏం పాపం చేసుకున్నామో, ఏటా మనకే ఈ గాలి."

అది ఉత్త నిట్టూర్పు కాదు. అందులో ఒక సిద్ధాంతం ఉంది. బాధ ఊరికే రాదు, చేసుకున్నదాన్ని బట్టే వస్తుంది అన్న సిద్ధాంతం. ఒక మనిషి తన కష్టం గురించి తానే ఆ మాట అనుకుంటే అది ఓదార్పు కావచ్చు. అదే మాట ఒక ఊరు మొత్తానికి, అందులోనూ చనిపోయినవాళ్లకు వర్తింపజేస్తే ఏమవుతుంది? తీరంలో బతికేవారికి ఇది పుస్తకాల్లో తేలే చర్చ కాదు.

1977 నవంబరు 19 శనివారం. కార్తీక మాసం. తుఫాను చీరాల, నిజాంపట్నం ప్రాంతంలో తీరం దాటింది. సముద్రం అయిదు మీటర్లకు పైగా లేచి దివిసీమ మీద పడింది. కృష్ణ పాయల మధ్య ఉన్న ఆ లంక భూముల్లో నీరు పది కిలోమీటర్లు లోపలికి చొచ్చుకొచ్చింది. సొర్లగొంది, హంసలదీవి, పాలకాయతిప్ప వైపు పూరిళ్లు ఆనవాలు లేకుండా పోయాయి. చనిపోయినవారు పది వేల మందని ప్రభుత్వం లెక్క చెబితే, అంతకు ఎన్నో రెట్లని ప్రజలు నమ్ముతారు. ముళ్లకంపల్లో, తాటితోపుల్లో చిక్కుకున్న శవాలను స్వచ్ఛంద కార్యకర్తలు రోజుల తరబడి ఏరి దహనం చేశారు. మదర్ థెరిసా వచ్చారు. స్థానిక నాయకుడు మండలి వెంకట కృష్ణారావు ఆ పునర్నిర్మాణాన్ని తన జీవితకాలపు పనిగా పెట్టుకున్నారు. ఇప్పటికీ నవంబరు 19 వస్తే దివిసీమలో స్మారక స్థూపం దగ్గర పూలు పెడతారు.

దివిసీమే ఎందుకు? ఈ ప్రశ్నకు వాతావరణ శాస్త్రం దగ్గర కచ్చితమైన జవాబుంది. మన అర్ధగోళంలో తుఫాను గాలి గడియారపు ముల్లుకు ఎదురు దిశలో తిరుగుతుంది. అందువల్ల తుఫాను కదిలే దిశలో చూస్తే, తీరం దాటే చోటికి కుడి పక్కన గాలి సముద్రాన్ని నేల మీదకు నెడుతుంది, ఎడమ పక్కన నేల మీదనుంచి సముద్రంలోకి వీస్తుంది. బంగాళాఖాతపు ఒడ్డున నీటిలోతు తక్కువ కాబట్టి నెట్టుకొచ్చిన నీటికి పైకి లేవడం తప్ప దారి ఉండదు. ఆ శనివారం దివిసీమ కుడి పక్కన ఉంది. ఒంగోలు తీరం ఎడమ పక్కన పడింది. తుఫాను ఇంకొంచెం ఉత్తరాన తీరం దాటి ఉంటే, ఉప్పెన వేరే ఊళ్ల పేర్లు మోసుకుపోయేది. ఇక పాపం మాట. కుడి పక్కన పుట్టిన పసిబిడ్డలందరూ ఎడమ పక్క పిల్లలకన్నా పాపులని ఏ ధర్మం చెప్పగలదు?

ఈ ఇబ్బంది మన తాత్వికులకు తెలియనిది కాదు. బ్రహ్మసూత్రాల రెండో అధ్యాయంలో ఈ సందేహం సూటిగానే వస్తుంది: లోకంలో ఒకడికి సుఖం, మరొకడికి దుఃఖం ఇస్తున్న ఈశ్వరుడికి పక్షపాతం, క్రూరత్వం అంటవా? అంటవని సూత్రకారుడి సమాధానం. ఈశ్వరుడు జీవుల కర్మను అనుసరించే ఫలమిస్తాడు. దాన్ని వివరిస్తూ శంకరాచార్యులు తెచ్చిన పోలిక వానది. వాన వరికీ యవలకూ ఒకే తీరుగా కురుస్తుంది. ఏది మొలకెత్తాలన్నది విత్తనంలో ఉంది. ఈశ్వరుడు ఆ వాన.

ఎంత అందమైన పోలిక! కాని దివిసీమ రైతు ముందు పెట్టినప్పుడు అది తడబడుతుంది. ఇక్కడ విత్తనాన్నే ఊడ్చుకుపోయింది వాన. వరి, జనుము, గేదె, గేదెను కట్టిన మనిషి, అన్నీ ఒకే రాత్రి ఒకే నీటిలో పోయాయి. వేర్వేరు విత్తనాలకు వేర్వేరు ఫలమన్న వాదం వేలమందికి ఒకే క్షణంలో ఒకే ఫలం అందిన చోట నిలబడాలంటే, ఆ వేలమంది కర్మలూ ఒక్క గంటకు పండాయనాలి. తర్కం దాన్ని కాదనలేకపోవచ్చు. కాని కర్మ సిద్ధాంతం పుట్టింది జీవికి తన చేతల మీద తనకు బాధ్యత ఉందని చెప్పడానికి. పక్కింటివాడి శవం మీద తీర్పు చెప్పడానికి దాన్ని వాడితే అది తన పనిని తానే మరిచినట్టు.

సాంఖ్యులు ఇంకో దారి తొక్కారు. ఈశ్వరకృష్ణుడి సాంఖ్యకారిక దుఃఖం మూడు రకాలన్న మాటతోనే మొదలవుతుంది. తన దేహం, మనసు వల్ల వచ్చేది ఆధ్యాత్మికం. ఇతర ప్రాణుల వల్ల వచ్చేది ఆధిభౌతికం. చలి, ఎండ, గాలి, వాన, పిడుగు లాంటివాటి వల్ల వచ్చేది ఆధిదైవికం. పూజ చివర శాంతి మాటను మూడుసార్లు పలకడంలో ఈ మూడూ ఉన్నాయని పెద్దలు చెబుతారు. ఈ విభజనలో ఒక గొప్ప వినయం కనిపిస్తుంది. గాలివాన బాధను దాని పేరుతోనే పిలుస్తుంది, వెంటనే ఎవరి ఖాతాలోనూ వేయదు.

బుద్ధుడు మరింత తేటగా చెప్పాడు. మోళియ సీవకుడనే పరివ్రాజకుడు ఆయన దగ్గరకు వచ్చి, మనిషి అనుభవించేదంతా పూర్వకర్మ ఫలమేనని కొందరంటున్నారు, నిజమేనా అని అడుగుతాడు. సంయుత్త నికాయంలో ఉంది ఆ సంభాషణ. పిత్తం, శ్లేష్మం, వాతం, ఈ మూడూ కలిసి చెడటం, ఋతువు మార్పు, సరిగా మసలుకోకపోవడం, ఇతరుల దాడి, వీటన్నిటి వల్లా బాధ కలుగుతుందని వరసగా చెప్పి, ఎనిమిదోదిగా మాత్రమే కర్మను చేరుస్తాడు బుద్ధుడు. అంతా పూర్వకర్మే అనేవారు తమ కళ్లతో చూసినదాన్నీ, లోకం సత్యమని ఒప్పుకున్నదాన్నీ దాటిపోతున్నారన్నది ఆయన తీర్పు. ఈ మాటలు దివిసీమకు పరాయివి కావు. పక్కనే ఉన్న ఘంటసాల ఒకనాటి రేవు. రెండో శతాబ్దపు టాలమీ భూగోళంలో కనిపించే కంటకసోల అదేనని చరిత్రకారులంటారు. అక్కడి బౌద్ధ అవశేషాల్లో దొరికిన ప్రాకృత శాసనాల్లో ఒక మహానావికుడి ప్రస్తావన ఉంది. తీరం ఎప్పుడు దయ చూపుతుందో, ఎప్పుడు మింగుతుందో తెలిసిన ఓడ నాయకులు ఋతువునూ కర్మనూ వేరుచేసి చూపిన ధర్మానికి దానాలిచ్చారంటే ఆలోచించదగ్గ విషయమే.

ఇరవయ్యో శతాబ్దంలో ఈ ప్రశ్న ఇద్దరు మహానుభావుల మధ్య మళ్లీ లేచింది. 1934 జనవరి 15న బీహారును భూకంపం కుదిపేసింది. అంతకు కొద్ది వారాల ముందే ఆంధ్రలో హరిజన యాత్ర ముగించి దక్షిణాదిన తిరుగుతున్న గాంధీజీ, అంటరానితనమనే పాపానికి ఇది దేవుడు వేసిన శిక్ష అన్నారు. రవీంద్రనాథ్ ఠాగూర్ తట్టుకోలేకపోయారు. అంటరానితనం మీద పోరులో ఆయన గాంధీ పక్షమే. అయినా భౌతిక ఘటనకు భౌతిక కారణాలే ఉంటాయని, నీతిని ప్రకృతి ఉత్పాతానికి ముడిపెడితే జనంలో ఉన్న అజ్ఞానం ఇంకా బలపడుతుందని ఖండించారు. ఆ ఖండనను గాంధీజీ తన 'హరిజన్' పత్రికలోనే అచ్చువేసి, తన నమ్మకం తనదేనని జవాబిచ్చారు.

ఠాగూర్ మాటే సరైనది. భూకంపంలో కూలిన గుడిసెల్లో అంటరానివారివీ ఉన్నాయి. వారిని వేధించిన పాపానికి వారి ఇళ్లే కూల్చే దేవుడిని ఎవరూ న్యాయమూర్తి అనలేరు. కాని గాంధీ మాటను అక్కడితో వదిలేస్తే నష్టపోతాం. 2004 డిసెంబరు సునామీ తర్వాత తమిళనాడు తీరంలో, ముఖ్యంగా నాగపట్నం వైపు, సహాయ శిబిరాల్లో దళితులను వేరుగా ఉంచారని, నీళ్ల దగ్గర, అన్నం వరుసల్లో అడ్డుకున్నారని హక్కుల సంస్థలు నమోదు చేశాయి. అంటరానితనం సముద్రాన్ని లేపలేదు. సముద్రం వెనక్కి తగ్గాక మాత్రం అది వరుసలో వచ్చి నిలబడింది. ఉత్పాతానికి ముందు పాపాన్ని వెతకడం వ్యర్థం. ఉత్పాతం తర్వాత జరిగే పాపం కళ్లెదుటే ఉంటుంది.

అదే సునామీ రోజు మార్గశిర పున్నమి, పైగా ఆదివారం. మచిలీపట్నం దగ్గర మంగినపూడిలో సముద్ర స్నానానికి దిగిన భక్తులు అలల్లో కొట్టుకుపోయారు. పుణ్యం కోసం నీళ్లలో దిగినవాళ్లను పాపమే తీసుకుపోయిందని ఎలా అంటాం?

కోస్తా పల్లెల్లో గుడి పక్కనే చర్చి, చర్చికి కూతవేటు దూరంలో మసీదు కనిపించడం మామూలే. శవాలను ఏరిన రోజుల్లో అందరి గ్రంథాలకూ ఒకే ప్రశ్న ఎదురైంది. లూకా సువార్తలో సిలోయం గోపురం కూలి పద్దెనిమిది మంది చనిపోయిన సంగతి వస్తుంది. వాళ్లు యెరూషలేములో మిగతావారికన్నా దోషులని అనుకుంటున్నారా అని అడిగి, కాదంటాడు యేసు. బతికున్నవాళ్లను తమ బతుకు చూసుకోమంటాడు. ఇస్లాం సంప్రదాయంలో అమరులుగా లెక్కించేవారి జాబితాలో నీట మునిగి చనిపోయినవారు, గోడ కూలి చనిపోయినవారు ఉంటారని ప్రవక్త హదీసు చెబుతుంది. ఉప్పెన మరణాలు సరిగ్గా ఆ రెండే. ఒకరు దోషం కాదన్నారు, ఒకరు ఏకంగా గౌరవమిచ్చారు. చనిపోయినవాడి మీద నేరం మోపకూడదన్న దగ్గర ఈ దారులన్నీ కలుస్తున్నాయి. మతాల మధ్య ఉన్న తేడాలను చెరిపే అవసరం లేదు, కాని ఈ ఒక్క చోట అవి పంచుకున్న దయను తీరం గుర్తుపెట్టుకోవాలి.

మరి అమ్మవారి కోపం మాటేమిటి? మత్స్యకార పల్లెల్లో వేట పడకపోయినా, జ్వరం వదలకపోయినా "అమ్మకు కోపమొచ్చింది" అంటారు. చదువుకున్నవారు దాన్ని మూఢనమ్మకమని తేల్చేస్తారు. విశాఖ జాలారిపేటలో ఏళ్ల తరబడి పరిశోధన చేసిన అమెరికన్ మానవశాస్త్రవేత్త చార్లెస్ నకోల్స్ అక్కడ వేరే సంగతి గమనించారు. సోదె అడిగినప్పుడు బయటపడేది చాలాసార్లు కుటుంబంలోని తగవు. అన్నదమ్ములు విడిపోయారు, అమ్మకు కలిసి పెట్టవలసిన మొక్కు ఆగిపోయింది, అందుకు అమ్మ కోపగించింది. పరిహారమేమిటంటే అన్నదమ్ములు మళ్లీ ఒకచోట కూర్చుని మొక్కు చెల్లించడం. ఒకే వల లాగవలసిన చేతులు విడిపోతే వేట నిజంగానే పడదు. ఇక్కడ అమ్మవారి కోపం బతికున్నవాళ్ల మధ్య మాట కలుపుతుంది. పోయినవారికి తీర్పు చెప్పే కర్మవాదానికీ దీనికీ ఎంతో తేడా ఉంది, రెండిటినీ ఒకే గాటన కట్టడం అన్యాయం.

తీరానికి మాత్రమే తెలిసిన ధర్మసంకటం ఇంకొకటుంది. వెళ్లినవాడు తిరిగిరాడు, శవమూ దొరకదు. 1996 నవంబరు 6 రాత్రి కోనసీమ తుఫానులో కాకినాడ దిగువన భైరవపాలెం, బలుసుతిప్ప వైపు పల్లెలు ఇలాంటి మనుషులను వందల్లో పోగొట్టుకున్నాయి. కొబ్బరిచెట్లు కూలిన దృశ్యాలు పత్రికల్లో వచ్చాయి, ఈ ఇళ్లలో సాగిన ఎదురుచూపు అంతగా రాలేదు. భార్య తాళి తీయాలా వద్దా? పిల్లలు కర్మ చేయాలా? తీరా చేశాక మనిషి ఏ బర్మా ఒడ్డునో తేలి తిరిగొస్తే? ధర్మశాస్త్రాలు ఈ స్థితిని ఊహించాయి. జాడ తెలియనివాడి కోసం పన్నెండేళ్లు ఎదురుచూసి, ఆ తర్వాత మోదుగ ఆకులతో మనిషి బొమ్మ చేసి దహనం చేయమన్నాయి. చట్టం ఏడేళ్లు జాడ లేకపోతే చనిపోయినట్టు భావించవచ్చంది. సముద్రం మీద బతికే కుటుంబానికి రెండూ చాలా పొడవైన గడువులే. నష్టపరిహారం కాగితం ముందు నిలబడ్డ ఇల్లాలు భర్త చనిపోయాడని సంతకం చేయాలి, ఇంటికొచ్చి దీపం పెడుతూ తిరిగిరావాలని కోరుకోవాలి. ఆమెను ఈ రెండు మాటల మధ్య నలిగిపోనివ్వకుండా చూడటం పురోహితుడి పనీ, పాస్టరు పనీ, గుమాస్తా పనీ. ప్రభుత్వాలు తుఫానుల్లో గల్లంతైనవారి విషయంలో గడువు సడలించి పరిహారమిచ్చిన సందర్భాలున్నాయి. అది దయతో కూడిన తత్వజ్ఞానమే.

మొక్కుల సంగతి కూడా చెప్పుకోవాలి. వశిష్ఠ గోదావరి సముద్రంలో కలిసే అంతర్వేదిలో లక్ష్మీనరసింహస్వామి గుడిని కట్టించినవాడు బెండమూర్లంకకు చెందిన ఓడల వ్యాపారి కొపనాతి కృష్ణమ్మ. గల్లంతైన తన ఓడలు క్షేమంగా తిరిగొస్తే గుడి కట్టిస్తానని మొక్కుకున్నాడని, అవి వచ్చాయని అక్కడివారు చెప్పే కథ. అగ్నికులక్షత్రియ కులంలో పుట్టిన ఆ నావికుడికి నేటికీ ఆ గుడిలో గౌరవముంది. మాఘమాసంలో భీష్మ ఏకాదశికి జరిగే రథోత్సవానికి లంకలన్నీ కదిలి వస్తాయి. 2020 సెప్టెంబరులో పాత రథం కాలిపోతే నెలల్లోనే కొత్త రథం చేయించారు. కృతజ్ఞత ఎంత సహజమైనదో, ఎంత గట్టిదో ఆ గుడి చూస్తే తెలుస్తుంది. అయితే "దేవుడు మమ్మల్ని కాపాడాడు" అన్న మాట పక్కింట్లో దీపం ఆరిపోయినప్పుడు ఎంత మెల్లగా అనాలో కూడా తీరంలో పెద్దలకు తెలుసు. రాని ఓడ తాలూకు కుటుంబం కూడా అదే గుడికి వస్తుంది కదా.

ఇక సాంఖ్యుల విభజన దగ్గరకు మళ్లీ రావాలి, ఎందుకంటే మన కాలంలో దాని సరిహద్దు కదిలింది. 1977లో హెచ్చరిక అందినా దివిసీమ లంకల్లో అది ఇంటింటికీ చేరలేదు, చేరినా ఎక్కడానికి పక్కా మేడ లేదు. 1990 మే నెలలో దాదాపు అంతటి తుఫాను మచిలీపట్నం దగ్గరే తీరం తాకింది. ముందుగానే లక్షన్నర మందికి పైగా తరలించారు. చనిపోయినవారు వెయ్యిలోపు. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ విశాఖ నగరాన్నే చీల్చినా, రాష్ట్రంలో మరణాలు వంద దాటలేదు. గాలి వేగం తగ్గలేదు, సముద్రం మారలేదు. మారింది రాడార్లు, తుఫాను షెల్టర్లు, మైకు కట్టిన ఆటోలు, గేదెను వదిలి రానన్న రైతును బతిమాలి తెచ్చిన కానిస్టేబుళ్లు. ఒడిశా కేంద్రపడా జిల్లాలో 1999 తుఫానుపై సౌదామిని దాస్, జెఫ్రీ విన్సెంట్ చేసిన అధ్యయనంలో, ముందు మడ అడవి వెడల్పుగా ఉన్న ఊళ్లలో చావులు తక్కువని తేలింది. అంటే మడను నరికి రొయ్యల చెరువు తవ్వినచోట వచ్చే చావును ఆధిదైవికమని రాసుకోవడం అబద్ధం. అది ఆధిభౌతికం. ఒక ప్రాణి చేతిలో మరో ప్రాణి పడే బాధ.

కాకినాడ పక్కన ఉప్పాడలో ఈ సంగతి ఏటా కనిపిస్తుంది. తుఫాను రానవసరం లేదు, మామూలు అల్పపీడనానికే కెరటాలు ఇళ్ల గోడల్ని కొడతాయి. బీచ్ రోడ్డు మళ్లీ మళ్లీ తెగుతుంది. రక్షణకు వేసిన జియోట్యూబు గోడ నిలవలేదు. తాతలు కట్టిన ఇళ్లు, మొక్కిన గుళ్లు ఇప్పుడు నీటిలో ఉన్నాయి. కారణాలు తెలియనివేమీ కాదు. నదుల మీద ఆనకట్టలు మట్టిని ఆపేయడంతో గోదావరి, కృష్ణా డెల్టాల తీరం వెనక్కి పోతోందని ఆంధ్ర విశ్వవిద్యాలయ పరిశోధకులు ఏనాడో చూపించారు. ఉప్పాడ దగ్గర దానికి రేవు కట్టడాలు, హోప్ ఐలాండ్ పెరుగుదల వల్ల మారిన ఇసుక ప్రవాహం తోడయ్యాయి.

ప్రభుత్వ పుస్తకాల్లోనూ ఒక విభజన ఉంది. విపత్తు సహాయ నిధి ఇవ్వదగ్గ ప్రకృతి వైపరీత్యాల జాబితాలో తుఫాను, వరద, కరవు, భూకంపం, సునామీ, వడగళ్లు, చివరికి చీడపీడల దాడి కూడా ఉన్నాయి. తీరం కోత మాత్రం చాలాకాలం లేదు. పదిహేనో ఆర్థిక సంఘం కోత వల్ల నిలువనీడ పోయినవారి పునరావాసానికీ, కోతను అడ్డుకోవడానికీ వేరుగా నిధులు ఉండాలని సిఫారసు చేశాకే అది ఢిల్లీ లెక్కల్లోకి వచ్చింది. అందాకా ఒక్క రాత్రిలో ఇల్లు పోతే విపత్తు, ఇరవై ఏళ్లలో ఊరు పోతే ఏమీ కాదు. ఉప్పాడలో గోడ కూలిన కుటుంబం సామాన్లు సర్దుకుని ఒక వీధి వెనక్కి జరుగుతుంది, అక్కడే అద్దెకుంటుంది, అదే ఒడ్డు నుంచి వేటకు పోతుంది. వాళ్లను ఎవరైనా "మీ కర్మ" అంటే, ఆ మాట అన్నవారికి ఆనకట్ట నుంచి రేవు దాకా నడుచుకుంటూ వెళ్లి ఇసుక ఎక్కడ ఆగిందో చూపించాలి.